చమురు బావికి కూలీ

బోరిస్లావ్ ఊళ్లో మనుషులు దిగి తవ్వే చమురు బావులకు కూలీలను కుదిర్చే యూదు మేస్త్రీ జెలిగ్ దగ్గరికి ఒలెనా వచ్చింది. పోయిన వారమే ఆమె భర్త బావిలో చనిపోయాడు.

"అయ్యా, మా ఆయన చోట మా తమ్ముణ్ణి పెట్టుకోండి."

"పని లేదమ్మా."

"నిన్న ఇద్దర్ని దింపారుగా!"

"వాళ్లు పాతవాళ్లు."

"ఆ చివరి రోజు అందర్నీ కాదని మా ఆయనకే పనిచ్చారు. మిమ్మల్ని దేవుడన్నాడయ్యా."

జెలిగ్ తల దించుకున్నాడు. ఆ రోజు బావిలో విషగాలి వస్తోందని మిగతావాళ్లు దిగబోమన్నారు. యజమానికి జడిసి, ఏం లేదు దిగమని ఆమె భర్తతో చెప్పింది తనే.

"ఆ మాట అనకు ఒలెనా."

"మీ యూదులకైతే ఇచ్చేవారే!"

"అలాగే అనుకో తల్లీ. వాణ్ణి మాత్రం ఇటు పంపకు."