గోడ మీద రెండు పలకలు

ఆ డ్రమ్ము పాత ఇనుముకి వేసెయ్యకు బాబూ. ఉండుండు, ముందు ఆ స్టూలు దిగు. నేనెవర్నా? జోసెఫిన్ని. ఈ గోడ అవతలి ఇల్లే మాది, నలభై ఆరేళ్ళ నుంచీ అక్కడే కుట్టు మిషను తొక్కుతున్నాను. ఎవరో సాయిసందీప్ అట, షెడ్డు అద్దెకి తీసుకున్నాడు, రంపం మిషనూ చిత్రిక మిషనూ దింపాడు అని పొద్దున్నే చెప్పారు. దింపుకో, మంచిదే. పద్నాలుగేళ్ళు ఇందులో రొయ్యల మేత బస్తాలు పెట్టారు, ఆ కంపుకి నా ముక్కు సగం చచ్చింది. చెక్క వాసన వస్తే నాకు హాయే. ఇదా? పలక. బళ్ళో పిల్లలు రాసుకునేదే. చెబుతాను, కాస్త కూర్చోనీ. మోకాళ్ళు మాట వినడం లేదు.

ఈ డ్రమ్ము ఉమామహేశ్వరం ఆచారి గారిది. నువ్వు చూసుండవులే. ఫరంపేటలో పాత ఇళ్ళ తలుపులు ఒకసారి మూసి చూడు, సందులో పోస్టు కార్డు పట్టదు. అదీ ఆయన చెయ్యి. మా చర్చి తలుపులూ ఆయనే చేశారు. ఫాదర్ నవ్వులాటకి, "ఆచారీ, మాలో కలిసిపోరాదా" అంటే, "మీ తలుపులు బిగించాక గాలే లోపలికి రావడం లేదు ఫాదర్, నేనెక్కడ వస్తాను" అన్నారట. పెదవి కదిలేది కాదు, మాట మాత్రం పడేది. అంతటి మనిషీ దుమ్ము సంగతి పట్టించుకునేవారు కాదు. కోసింది కోసినట్టు గాల్లోకే. ఆ ఏడాదేమో కొత్తగా చిత్రిక మిషను కొన్నారు. నేనేమో చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లలకి గౌన్లు ఒప్పుకున్నాను, ఇరవై రెండు, అన్నీ తెల్ల శాటిన్. కుట్టి వరండాలో తాడుకి తగిలిస్తే సాయంత్రానికి పసుపు చల్లినట్టున్నాయి. దులిపితే పోతుంది, కాదనను. నా దగ్గు దులిపితే పోదుగా?

వీధిలో పద్నాలుగు మంది చేత సంతకాలు పెట్టించాను, షెడ్డు మూయించాలని. ఆ కాగితం మున్సిపాలిటీ ఆఫీసులో ఇచ్చే ముందు ఆయనకే చూపించాను. చాటుగా చేసే అలవాటు లేదు నాకు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "రాత బావుంది చెల్లెమ్మా. ఎనిమిది రోజులాగు. అప్పటికీ నీ గౌన్ల మీద దుమ్ము పడితే పదిహేనో సంతకం నాదే" అన్నారు. ఆ షెడ్డే ఆయనకి కూడు మరి, ఇంకో ఆధారం లేదు. ఆ మాట విన్నాక ఆఫీసుకి వెళ్ళడం మానుకున్నాను, కానీ కాగితం మాత్రం చింపలేదు.

మర్నాడు అదిగో, ఆ గోడకి కన్నం పెట్టి పెద్ద ఫ్యాను బిగించారు, దుమ్మంతా అవతలి ఖాళీ స్థలంలోకి పోయేలాగ. పొద్దున్న బ్రహ్మాండం. మధ్యాహ్నం ఏటి వైపు నుంచి గాలి తిరిగింది, తోలిందంతా తోలినట్టే మా వరండాలోకి వచ్చి కూర్చుంది. పడవెక్కిన వాడెవడైనా చెబుతాడు ఆ గాలి సంగతి. ఈయన పడవలకి చెక్క కోసిచ్చారే కానీ ఎక్కి ఎరగరు. గోడ మీంచి అరిచాను, "మీ దుమ్ము మీ దగ్గరే ఉంచుకోండి ఆచారి గారూ!" అని. ఆయనేమో, "అదీ మాట. తోలడం కాదు, పట్టుకోవాలి" అన్నారు.

తర్వాత రెండు రోజులు మనిషి లేరు. పారిపోయారనుకున్నాం. మెట్టకూరు దారిలో ఒక రైసు మిల్లు ముందు కూర్చున్నారట, ఊక ఎలా పోతుందో చూస్తూ. అక్కడ గరాటులాంటి పెద్ద రేకు గొట్టం ఉంటుంది చూడు, ఊక అందులో గిర్రున తిరిగి కిందకి జారుతుంది, గాలి పైనుంచి వెళ్ళిపోతుంది. అదే చిన్నది చేశారు, నువ్వు పారేద్దామనుకున్న ఈ డ్రమ్ము మీద. చెక్క పొట్టు అంతా డ్రమ్ములో పడింది. సన్నదుమ్ము మాత్రం గాలితో పైకి పోయింది. దానికేమో దోమతెర సంచి కట్టారు! పొగలాగ బయటికొచ్చేసింది. నేను నవ్వాపుకోలేక, "మీ ఇంట్లో పిండి దోమతెరతో జల్లిస్తారాండీ?" అన్నాను. "దేంతో జల్లించాలో నువ్వే చెప్పు మరి" అన్నారు. చూడు, ఎలా లాగారో నన్ను. ప్యాంట్లకి వాడే మందపాటి డ్రిల్లు గుడ్డతో సంచి కుట్టిచ్చాను. అది చిన్నదై, దుమ్ము లాగే ఫ్యాను మూలిగింది, గొంతు నొక్కినట్టు. గాలి పోవడానికి గుడ్డ చాలలేదు. మళ్ళీ కుట్టాను, మనిషిన్నర ఎత్తు. స్విచ్చి వేస్తే నిలువునా లేచి నిలబడేది, తీస్తే నీరుగారిపోయేది. మా మావగారు ఈ ఊరు ఫ్రెంచి వాళ్ళ కింద ఉన్నప్పుడు సిపాయి, ఆ పింఛను డబ్బుతోనే నా మొదటి మిషను కొన్నారు, అది వేరే కథ, ఆయన అది లేవడం చూసి ఠక్కున సెల్యూట్ కొట్టేశారు. వీధంతా నెల్రోజులు నవ్వుకుంది.

ఆ పలకల సంగతి. "నువ్వు బాలేదన్నా నేను బావుందన్నా అవి మాటలే" అని, రెండు పలకలు తెచ్చారు. ఒకటి మా గోడ మీద పెట్టారు, ఒకటి రోడ్డు చివర గోడ మీద. రెండోదెందుకండీ అంటే, "ఆటోలు లేపే దుమ్ము కూడా నా నెత్తిన రుద్దుతావేమోనని" అన్నారు. సాయంత్రం ఐదింటికి వచ్చి రెండింటి మీదా వేలితో గీత గీసేవారు. ఎనిమిదో రోజు నేనే గీశాను. రెండు పలకలూ ఒక్కలాగే ఉన్నాయి. పసుపు లేదు, రోడ్డు దుమ్మే. కాగితం మడిచి మిషను సొరుగులో పడేశాను. ఇంకా ఉంది, కావాలంటే చూపిస్తాను.

అక్కడితో ఆగితే ఆచారి ఎలా అవుతారు? తొమ్మిదేళ్ళు, రోజూ ఐదింటికి గీత. వేలికి కాస్త పసుపు అంటిందా, ఆ రాత్రికి నిద్ర లేదు. అగరొత్తి వెలిగించి ప్రతి గొట్టం మూతి దగ్గరా పట్టుకుని, పొగ ఎటు పోతోందో చూసేవారు. ఏ మిషను నడిస్తే దాని మూతే తీసి, మిగతావి మూసేవారు. "గొట్టం ఎంత పొట్టిదైతే అంత లాగుడు. వంపు తిప్పావంటే సగం బలం అక్కడే చచ్చిపోయింది" అనేవారు. నువ్వు తెచ్చిన పాము గొట్టం చూస్తున్నాను ఇందాకట్నుంచీ. అన్ని చుట్లెందుకు బాబూ? మిషన్నే దగ్గరికి జరుపు.

ఎలా పోయారా? ఊపిరితిత్తులు. అదేంటి అంటావు. డ్రమ్ము పెట్టేటప్పటికే ముప్పై ఏళ్ళ దుమ్ము లోపలుంది కదా. కంటికి కనబడే పొట్టు ఏమీ చెయ్యదట, కనబడని సన్నదే దిగిపోతుందట. కాకినాడ నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పెట్టారు. చూడ్డానికెళ్ళి నోరు ఊరుకోక, "ఈ డ్రమ్మేదో పదేళ్ళ ముందే పెట్టుకుంటే బాగుండేది కదండీ" అన్నాను. నవ్వారు. "పదేళ్ళ ముందు నువ్వు పోట్లాడలేదుగా చెల్లెమ్మా" అన్నారు. నవ్వుకి దగ్గొచ్చింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. నిజమే. దుమ్ము అంతకు ముందు లేదా? రోజూ తుడుచుకునేదాన్ని. పక్కింటాయన, పెద్దాయన, ఏమంటాంలే అని ఊరుకున్నాను. నా గౌన్లు పాడయ్యాకే కదా నా నోరు లేచింది.

...

ఏయ్, ఏయ్! గొట్టం తగిలించకుండా స్విచ్చి మీద చెయ్యేస్తావేంటి? తియ్యి. చెయ్యి తియ్యమంటున్నానా!