కృష్ణుడి కిరీటం

పొద్దు గూకుతోంది. శింగనమల పక్క ఊళ్లో స్టేజీ వెనక, నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చి, ఆడ వేషాలకు ఆర్టిస్టులను కూడా పిలిపించే వ్యాపారి, సత్యభామ వేషానికి వచ్చిన ఆర్టిస్టును బతిమాలుతున్నాడు. ఈ రోజు నాటకం ఆగిందంటే ఈ ఊరు తనను మళ్లీ పిలవదని అతని లెక్క.

"కృష్ణుని వేషం కట్టే సర్పంచు తమ్మునికి గొంతు పూడుకపాయమ్మా. ఆయప్ప పెదాలు ఆడిస్తాడు. పద్యాలు నువ్వు తెర వెనక నుంచి పాడు."

"పాడనన్నా. పాడితే కిరీటం పెట్టుకొనే పాడతా."

"మగ వేషాలు ఊరోళ్లవి కదా! ఆడోళ్లను పిలిపించేది ఆడ వేషాలకే."

"చిన్నప్పుడు మా నాయన నాకు మొదట నేర్పించింది కృష్ణుని పద్యాలే. స్టేజీ ఎక్కినాక ఒక్కరన్నా ఆ వేషం ఇచ్చినారా?"

"మరి సత్యభామను యాడ నుంచి తెచ్చేది?"

"మా చెల్లెలు వచ్చిండాది. నేనే నేర్పించినా."

ఈ బేరం తెగేది కాదని వ్యాపారికి అర్థమైంది.

"ఈ కిరీటం శానా బరువమ్మా. పాడేటప్పుడు తల ఊగితే జారి కింద పడతాది. జనం నగుతారు."

"మా నాయన నా తలమీద నిండు నీళ్ల చెంబు పెట్టి పాడించేటోడు. ఒలికితే మళ్లా బోరు కాడికి నేనే పోవల్ల. ఎండాకాలం ఆ బోరు ఎంత దూరమో నీకేం తెలుసు?"

"ఒలికేదా?"

"మొదట్లో. రెండు ఎండాకాలాలు పోయినాక ఒలకలేదు."

అతను కిరీటం ఆమె తలకెత్తాడు. ఆమె కళ్లు మూసుకుని రాగం తీసింది. కిరీటానికి వేలాడే పూసలు కూడా కదల్లేదు.

"సర్పంచు తమ్మునికి ఏం చెప్తావన్నా?"

"కిరీటం ఊరిది కాదమ్మా, నాది. నిలిచే తలకే అద్దెకిస్తానని చెప్తా."