కొండచిలువకు పాలు

కరగంద పట్టణంలో మంచు కిటికీ సగం దాకా పేరుకుంది. తన గదిలో చలి తట్టుకోలేక, కొత్త కోడలు పుట్టింటినుంచి వెంట తెచ్చుకున్న కొండచిలువను అత్తగారి గదిలో తివాచీ మీద వదిలింది. ముసలావిడ గిన్నెతో వచ్చి దాని తల మీద పాలు పోసింది.

"ఎందుకు పోశారత్తయ్యా?"

"ఇంట్లో పాము కనిపిస్తే తెల్లటిది పోసి మర్యాదగా సాగనంపాలి. మా అమ్మ నేర్పింది."

"పంపేస్తారా? గడప దాటగానే బిగుసుకుని చచ్చిపోతుంది."

"ఉంచుకుంటే ఇంటికి మంచిది కాదంటారే."

"నాకు దీన్ని మా నాన్న ఇచ్చాడత్తయ్యా. ఆయనా లేడిప్పుడు. రోజూ కాసేపు పాకకపోతే దీనికి ఒళ్ళు పట్టేస్తుంది. పాకించి తీసుకుపోతాను."

"ఎక్కడికి, ఆ మంచుగడ్డ లాంటి గదికా?"

పాము మెల్లగా పాకి ముసలావిడ పాదాలను చుట్టుకుంది. ఆవిడ కదలకుండా నిలబడింది.

"నన్నెందుకు పట్టుకుంది?"

"మీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయని."

"మీ మావయ్య బతికినన్నాళ్ళూ చల్లగా ఉన్నాయని సణిగేవాడు."

"మరి సాగనంపడం?"

"పాలు పోశాను, నా పని అయింది. ఎప్పుడు పోవాలో అదే చూసుకుంటుంది. నువ్వా తలుపు వెయ్యి, దానికి చలిగాలి కొడుతోంది."