కిటికీ దగ్గర కాపలా

మాజీ నావికుల సహాయ సంఘం నుంచి వచ్చిన అమ్మాయి కుర్చీ జరపబోయింది. అది కదల్లేదు. గోడ మేకుకు తాడుతో కట్టేసి ఉంది.

"ఓడ ఊగితే పడిపోతుందని ఆయనే కట్టారమ్మా," అంది ముసలావిడ.

"పెదనాన్నగారు రిటైరై చాలా ఏళ్లయిందిగా పెద్దమ్మా?"

"మతిమరుపు ముదిరాక మళ్లీ ఓడెక్కేశారు. ఆయన కునుకు తీస్తే కిటికీ దగ్గర నేను కాపలా కాయాలి. వీధిలో అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో."

"ఈ పూట కాపలా నాది. మీరలా తిరిగి రండి."

ఆవిడకు ఒక్కసారిగా ఒళ్లు తేలికైపోయింది. చెప్పులేసుకుని తలుపు తీసింది.

మంచం మీది ముసలాయన ఉలిక్కిపడి లేచి, అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ఆపమ్మా. నడిసముద్రంలో దిగిపోతోంది. దానికి ఈత రాదు."

గుమ్మంలో ఆవిడ కాసేపు వీధినే చూసింది.

"దిగట్లేదులెండి," అంటూ చెప్పులు విడిచింది.