వాపసు ఇచ్చిన గుడ్డలు

గర్భసంచిలో గడ్డ తీయించుకుని ఇంటికొచ్చాక అత్తగారు తొలిసారి కుట్టుమిషను ముందు కూర్చుంది. పక్క అరలో ఒక్క గుడ్డ ముక్క కూడా లేదు. కోడలిని కేకేసింది.

“కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ ఏవే?”

“వాపసు ఇచ్చేశానత్తయ్యా. మీరు విశ్రాంతి తీసుకోవాలి కదా.”

“విశ్రాంతికైతే ఆలస్యమవుతుందని చెప్పేదానివి. వాపసు ఇచ్చావంటే నేనిక కుట్టననేగా! డాక్టరమ్మ నీతో ఏమంది?”

“ఏమీ లేదు. అంతా బాగానే ఉందన్నారు.”

“అబద్ధమాడటం కూడా రాదు నీకు. మొహం చూడు, కుట్లు ఊడిన జేబులా వేలాడుతోంది. చెప్పు.”

కోడలు గుమ్మానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

“క్యాన్సరేనన్నారు. ఆ గడ్డ తనకోసం కొత్త రక్తనాళాలు చాలా పెంచుకుందట. అలాంటివి తిరగబెట్టే అవకాశం ఎక్కువట.”

అత్తగారు మిషను చక్రాన్ని ఒక్కసారి గట్టిగా తిప్పింది.

“నా రక్తం తాగడానికి నన్నడక్కుండానే దారులు వేసుకుందన్నమాట! తిరగబెట్టడం ఖాయమందా?”

“లేదత్తయ్యా, అవకాశమే. రేడియేషన్ పెట్టిస్తే ఆ ముప్పు తగ్గొచ్చన్నారు.”

“మరి అది తిరగబెట్టకముందే నన్ను మూటగట్టేశావేమే? పో, ఇంటింటికీ తిరిగి ఆ గుడ్డలన్నీ పట్టుకురా.”

“మీరు భయపడతారని...”

“భయంగానే ఉంది. ఎందుకుండదు? అయినా నా భయం నన్ను పడనివ్వు. రేపు డాక్టరమ్మ గదిలోకి నేనే వెళ్తా. నువ్వు బయట బెంచీ మీద కూర్చో. నీకెంత చెప్పాలో వచ్చాక ఆలోచిస్తాను.”