తిప్పేసిన అద్దం

నా పేరు లోర్నా పావ్లుక్. వయసు యాభై నాలుగు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు డ్రైవరును. నా తమ్ముడు గార్నెట్, నలభై తొమ్మిదేళ్ళవాడు, వెల్డింగు పని చేస్తాడు. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. వాణ్ణి ఆసుపత్రికి తెచ్చిన ఎమిల్ వీబ్ గారి పికప్ బండే వాణ్ణి గుద్దిందని మీ పోలీసుల అనుమానం. గుద్దలేదు. అది చెప్పడానికే వచ్చాను. మీరు కూర్చోమన్నారు గాని నిలబడే చెబుతాను.

మేమిద్దరం సైకిళ్ళ మీద మానిటోబా రాష్ట్రం నుంచి పడమటి కొండల దాకా బయలుదేరి ఈ రోజుకు పన్నెండు రోజులు. మూడు రోజులుగా ఎదురుగాలే. బరువులు పంచుకున్నాం. డేరా, పొయ్యి వాడి దగ్గర, పనిముట్లు, మందులు నా దగ్గర. కందిరీగ కుడితే వాడికి ఊపిరాడదు. దానికి వేసుకోవాల్సిన సూది నా ముందు సంచిలో ఉంది. వాడికి అర కిలో బరువు తగ్గుతుందని మందుల సంచి నేనే తీసుకున్నాను.

ఉదయం 9.20కి పెట్రోలు బంకు పక్క క్యాంటీన్‌లో కాఫీ తాగాం. వాడు దాల్చినచెక్క బన్ను సగం తిని వదిలేశాడు.

"అక్కా, ఇక చాలే. రేపు చేరే ఊళ్ళో బస్సెక్కుదాం" అన్నాడు.

"గాలికే బెదిరిపోయావా?" అన్నాను.

"గాలికి కాదు, నీకు. నీ కాళ్ళు ఒకచోట నిలవవు. ఏ తేలు కుట్టిందే నీకు?"

నిజమే. ఈ వేసవితో నా బస్సు రూటు ఎత్తేశారు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. ఆ మాట వాడికి చెప్పలేదు. కోపంతో బయటికొచ్చి, నా సైకిలు హ్యాండిల్‌కున్న అద్దాన్ని పక్క కాలువ వైపు తిప్పేశాను. వాడి మొహం చూడబుద్ధి కాలేదు.

10.05కి బయలుదేరాం. నేను ముందు. ముందున్నవాళ్ళు గాలిని కోస్తే వెనకవాళ్ళకు తేలిక. అయిదు కిలోమీటర్లకోసారి వెనకవాళ్ళు "నేనొస్తా" అని ముందుకు రావాలి. ముందున్నవాళ్ళు తల తిప్పరు. తిప్పితే సైకిలు లారీల కిందికి పోతుంది. అందుకే అద్దం.

10.15కి వాడి బ్రేకు కీచుమనడం విన్నాను. అదే ఆఖరు. అయిదు కిలోమీటర్లయినా ముందుకు రాలేదు. అలిగి నా వెనక దాక్కున్నాడనుకున్నాను. తల తిప్పకుండానే తిట్టాను. "చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు, మోసేది నేను, మూలిగేది నువ్వు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఖాళీ రోడ్డును తిడుతూ పోయాను.

10.55కి ధాన్యం గిడ్డంగి దగ్గర ఆగి, నీళ్ళ సీసా కోసం వెనక్కి చెయ్యి చాపాను. ఎవరూ ఇవ్వలేదు.

వెనక్కి మళ్ళాను. ఎనిమిది కిలోమీటర్లు. గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టు తోసింది. మూడు రోజులు కోరుకున్న గాలి అది.

వీబ్ గారి బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆయన అప్పటికే గార్నెట్‌ను ఎత్తి సీట్లో పడుకోబెట్టారు. మొహం వాచిపోయి నా తమ్ముడిలా లేడు. 11.13కి తొడలోకి సూది పొడిచాను. వాడి సైకిలు కూడా ఆయనే బండి వెనక వేసుకున్నారు. ఇక్కడ ఎవరి వస్తువునూ దారిన వదిలేయరు. మీరు చూసిన వంకర చక్రం కాలువలో పడి వంగిందే. బండి ముందు దీపం జింక తగిలి పగిలిందని ఆయన అన్నారు, అది నాకు తెలియదు. నాకు తెలిసింది, గార్నెట్ హెల్మెట్ పట్టీ కింద నలిగిన కందిరీగ ఉంది. కాగితంలో చుట్టి మీ బల్ల మీద పెట్టాను.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో వీబ్ గారు మొత్తం ఒక్కసారే మాట్లాడారు.

"నేనొచ్చేటప్పటికి ఇంకా మాట్లాడుతున్నాడమ్మా. అంబులెన్సుకు ఫోన్ చేస్తానంటే వద్దన్నాడు. 'అక్కకి అద్దం ఉంది, చూస్తుంది, వచ్చేస్తుంది' అన్నాడు. అదే మాట నాలుగైదు సార్లు."

నా అద్దం ప్రమాదంలో పక్కకు తిరిగిందా అని మీరు అడిగారు. లేదు. నేనే తిప్పాను. ఆ మాట అలాగే రాయండి.

ఈ వాంగ్మూలాన్ని నాకు చదివి వినిపించారు. ఒక్క అక్షరం మార్చమనలేదు. ఇందులో ఉన్నదంతా జరిగిందే.

(సంతకం) లోర్నా పావ్లుక్
జూన్ 27, మంగళవారం, సాయంత్రం 4.40