రాజధాని నడుంపట్టు

గురమ్మ టీ బడ్డీ దగ్గర బల్ల మీద ఇంకా చోటుంది. అయినా అప్పలనరసింహం కూర్చోలేదు. తెల్లారగట్ల వల లాగుతుంటే నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేడు. లేవలేకపోతే నలుగురూ చూస్తారు. అందుకని గుంజకి వీపు ఆన్చి, కావాలనే నిలబడ్డవాడిలా నిలబడి టీ తాగుతున్నాడు.

చూస్తే సీటు పోతుంది, అదీ సంగతి. పల్లెకి జెట్టీ కావాలని అడగడానికి మర్నాడు బండి రాజధానికి వెళ్తోంది. అందులో పెద్దమనిషి సీటు ఒక్కటే మిగిలింది. అది అప్పలనరసింహానికా, అతని బావ నారాయణమూర్తికా అన్నది బండి మాట్లాడిన శివాజీ తేల్చాలి. పోయినేడు మంత్రి భోగాపురం వచ్చినప్పుడు శాలువా బావకే కప్పారు. పక్కన నిలబడ్డ అప్పలనరసింహం మీద దండలోంచి పువ్వు కూడా రాలలేదు. "మా ఆయనకి కప్పితే నీకెందుకురా కడుపుమంట" అంది అతని అప్ప లక్ష్మణమ్మ. తోడబుట్టిన పెద్దది, అనవలసిన మాటేనా అది? ఆ రోజు నుంచి ఆమెతో మాట లేదు. మనిషన్నాక ఆ మాత్రం పట్టింపు ఉండాలి.

"రాజధానిలో నీకెవులు తెలుసు మావా?" అన్నాడు శివాజీ.

"ఎవులు తెలుసని కాదురా. అక్కడ నాను తొక్కని నడుం ఏటున్నాదని అడుగు."

బల్ల చివర నారాయణమూర్తి తల ఎత్తలేదు. గ్లాసులో ఉన్నది తాగుతూనే ఉన్నాడు.

"ఓ పాలి ఎండుచేపల మూటట్టుకుని ఎల్లాను. మేయరుగారి గేటుకాడ జవాను ఆపీసినాడు. లోపల్నుంచి అమ్మో అయ్యో అని కేకలు. ఏటంటే, మేయరుగారు మొక్కలకి నీల్లు పోస్తా వంగి, వంగినోడు వంగినట్టే ఉండిపోనాడు. నానేమో ఎదురుకాళ్ళతో పుట్టినోడిని..."

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు వీపు మీద కాలు ఆనిస్తే పట్టు వదులుతుందని తెలియని ఇల్లు ఆ పల్లెలో లేదు.

"ఎదురుకాళ్ళు మీ అప్పవి కదేటి?" అంది గురమ్మ, పాలు పొంగకుండా ఊదుతూ.

"ఒకే కడుపు, ఒకే దారి. ఇద్దరమూ అలాగే వచ్చినాం. నువ్వు అడ్డు రాకు గురమ్మా. ఆయన ఒంటి మీద పొందూరు ఖద్దరు లాల్చీ, మల్లెపువ్వులాగున్నాది. దాని మీద ఎడంకాలు ఆనించాను. టక్కుమన్నాది. లేచి నిలబడితే ముందుకంటే బెత్తెడు పొడుగున్నాడు."

"బెత్తెడే?"

"జానెడంటే నువ్వు నమ్మవని తగ్గించినానురా. ఆ లాల్చీ ఇప్పటికీ ఉతకనేదు. నా అడుగుతోనే మీటింగులకెల్తాడు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? మాట పాకీసింది. తెల్లారీసరికి మంత్రులు లైను కట్టినారు. ఒకాయన సందులోంచి ముందుకొచ్చీబోతే, ఎనక్కెల్లు బాబూ అన్నాను. మంత్రయితే ఏటి, పద్ధతి ఉండాల. ఇలగ ఒక్కొక్కరూ అయితే తెమల్దని స్పీకరుగారు అసెంబ్లీకే పిలిపించినాడు. గంట కొట్టి, 'సభ్యులందరూ బోర్లా పడుకోవలసిందిగా కోరుతున్నాను' అన్నాడు. రూలింగోలు ఇటు, అపోజిషనోలు అటు. పడవ బల్లల మీద నడిసినట్టు ఈ చివర్నుంచి ఆ చివరకి నడిసీసినాను. టకటకటకటక. ఆ దినం అక్కడ ఒక్క తగువు నేదు. బోర్లా పడుకున్నోడు ఏటి తగువాడతాడు?"

"భోగాపురం వచ్చిన మంత్రి కూడా పడుకున్నాడేటి?" నారాయణమూర్తి అప్పుడు నోరు విప్పాడు.

"పడుకున్నాడు బావా. ఆడిని కొంచెం గట్టిగా తొక్కినాను."

శివాజీ నవ్వాడు. ఆ నవ్వులో సీటు సగం తనదైనట్టే తోచింది అప్పలనరసింహానికి. నడుంలో సూదులు గుచ్చుకుంటున్నా గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఇంజినీర్లొచ్చి బతిమాలినారు. నల్లరేగడిలో అసెంబ్లీ బిల్డింగు ఓ పక్కకి ఒరిగిందట. గోడకో తాపు తన్నీసరికి తెరచాప కొయ్యలాగ నిలబడింది. మరి కృష్ణమ్మ అక్కడ వంకర తిరిగి ఉన్నాది కదా బాబూ అన్నారు. నదయితే మాత్రం, నడుం పట్టకపోతే వంకరెందుకు తిరుగుతాది? ఒడ్డున నిలబడి, ఇలగ కాలెత్తి..."

ఎత్తి చూపించాడు. కాలు లేచింది. దిగలేదు.

రెండు చేతులతోనూ గుంజ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దించు మావా."

"సూపిస్తన్నాను."

"ఎంతసేపు?"

"నది తిన్నగయ్యిందాకా."

చేపలమ్ముకుని వచ్చి ఎంతసేపు వెనక నిలబడిందో, లక్ష్మణమ్మ ఖాళీ గంప దించింది.

"బోర్లా పడుకోరా."

"నీతో నాకు మాట నేదు."

"మాటెవులడిగారు? నడుం ఇయ్యి."

శివాజీ ఒక రెక్క, బావ ఒక రెక్క పట్టి ఇసకలో పడుకోబెట్టారు. ఆమె ఎడంకాలు ఆనించింది. టక్కుమన్న చప్పుడు గురమ్మక్కూడా వినిపించింది.

"ఒకే దారిని వచ్చినావా? నువ్వు పుట్టినప్పుడు గుమ్మంలో నానున్నాను. తిన్నగా తలకాయతోనే వచ్చినావు. అందులోనూ నోరు ముందొచ్చింది."

బడ్డీ అంతా ఘొల్లుమంది. అప్పలనరసింహం లేచి, ఇసక దులుపుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఎవరేం నవ్వినా ఇప్పుడు కూర్చోగలడు. ఎంత దూరమైనా కూర్చోగలడు.

"నడుం బాగయింది. సీటు నాదే కదరా శివాజీ?"

"నీదెలగయితాది?" అంది లక్ష్మణమ్మ గంప ఎత్తుకుంటూ. "అక్కడందరికీ నడుములే పట్టేస్తన్నాయని నువ్వే సెప్పినావు. మరి కాలున్న మనిషి ఎల్లాల గానీ, నోరున్నోడెందుకు? ఆ సీట్లో నాను కూకుంటాను."

శివాజీ ఇటు చూశాడు, అటు చూశాడు. "తెల్లారగట్ల బయల్దేరిపోదాం పెద్దమ్మా" అన్నాడు.

నారాయణమూర్తికి టీ గొంతులో అడ్డం పడింది. "నువ్వెల్తే మరి నాకు గంజెవులు కాస్తారే?"

"శాలువా ఉన్నాది కదా. కప్పుకుని పడుకో."

అప్పలనరసింహం బల్ల మీద కూర్చున్నాడు. సుఖంగానే ఉంది కూర్చోడం. లక్ష్మణమ్మ నాలుగడుగులు వేసేదాకా ఊరుకున్నాడు, ఆపైన ఉండలేకపోయాడు.

"అప్పా! స్పీకరుగారిది ఎడంపక్క. మెల్లగా తొక్కు."